నడిమి డబ్బా లేని కారు

సూరత్‌లో నలభై సాంచాలున్న షెడ్డు ఒక్కసారిగా మొదలైతే తాపీ నది జానెడు వెనక్కి జరుగుతుందని డిండోలి పేటలో మన తెలుగువాళ్ళు చెబుతారు. సాంచా అంటే మరమగ్గం. నది జరుగుతుందో లేదో ఒడ్డున నిలబడి కొలిచినవాడు ఇంతవరకు లేడు గాని, అలాంటి షెడ్డులో పద్దెనిమిదేళ్ళు నిలబడిన సోమలింగం వినికిడి మాత్రం జానెడు కాదు, మూరెడు వెనక్కి జరిగింది. సిరిసిల్ల పక్క పల్లె నుంచి పదిహేడేళ్ళ వయసులో వచ్చి ఉధ్నాలో రైలు దిగినప్పుడు అతనికి పక్కింటి పొయ్యి మీద పప్పు ఉడికే చప్పుడు కూడా వినపడేదట. ముప్పై అయిదు వచ్చేసరికి తన ఇంట్లో కుక్కర్ కూత వినపడటం మానేసింది.

అయితే అదొక లోపమని గల్లీలో ఎవరికీ తోచలేదు. అక్కడ అందరిదీ అదే బాపతు. షెడ్డులో మాట వినపడదు కనుక సాంచా నడిపేవాడు ఎదుటివాడి పెదవులు చూసి మాట పట్టుకుంటాడు. సోమలింగం ఈ విద్యలో అందరికన్నా ఒక మెట్టు పైన ఉండేవాడు. తెలుగు పెదవులు, హిందీ పెదవులు, గుజరాతీ పెదవులు మూడింటినీ వేరువేరుగా చదివేవాడు. బీడీ నోట్లో పెట్టుకుని మాట్లాడేవాడిని చదివాడు. గడ్డం గీయించుకుంటూ అద్దంలోంచి మాట్లాడేవాడిని తిరగేసి చదివాడు. పాన్ నమిలేవాళ్ళు మాత్రం అతనికి చిక్కలేదు. ఆ లెక్కన సగం సూరత్ అతనికి మూగది.

తర్వాత రెండు వేల ఇరవైలో రోగం వచ్చింది. సాంచాలు ఆగాయి. ఊరంతా మూతికి గుడ్డ కట్టుకుంది. సోమలింగానికి అసలు చెవుడు వచ్చింది ఆ రోజునే.

లాక్‌డౌన్ ఎత్తేశాక అతని సేఠ్ సగం సాంచాలను తుక్కు కింద అమ్మేశాడు. పనిలోకి రమ్మని కబురు రాలేదు. సాంచాల ఇనుప చట్రాలు విరిగినప్పుడల్లా అతికించి అతికించి సోమలింగానికి వెల్డింగ్ చేయి తిరిగింది. ఆ చేతిని నమ్ముకుని ఉధ్నాలో ధన్‌సుఖ్‌భాయ్ అనే ఆయన నడిపే సైలెన్సర్ల దుకాణానికి వెళ్ళాడు. ధన్‌సుఖ్‌భాయ్ రెండు పైపు ముక్కలిచ్చి అతికించమన్నాడు. అతికించిన చోటు ఎక్కడో వేలితో తడిమి వెతకాల్సి వచ్చింది. రేపటి నుంచి రమ్మన్నాడు. చేతులు చూశాడు గాని, చెవుల సంగతి అడగలేదు. సోమలింగం చెప్పలేదు.

చెప్పకపోవడం మొదటి రోజు చిన్న విషయంగానే అనిపించింది. నెల తిరిగేసరికి అది గొంతులో ఇరుక్కున్న మేకు అయింది. ఎందుకంటే సైలెన్సర్ల దుకాణంలో పని అంటే చప్పుడే. వచ్చేవాడు చప్పుడు ఎక్కువైందని వస్తాడు, లేదా చాలడం లేదని వస్తాడు. అలాంటి చోట చెవిటివాడిని ఏ సేఠ్ ఉంచుకుంటాడు? ఆ మాట బయటపడిన రోజున దుకాణం మెట్టు దిగాల్సిందేనని, దిగితే ఎక్కడానికి సాంచా కూడా లేదని సోమలింగానికి తెలుసు. ఇంట్లో భార్య వినోద చీరలకు రాళ్ళు అతికించే పని చేస్తుంది. ఆ పని కూడా వారంలో మూడు రోజులే వస్తోంది.

అందుకని అతను తన ఉపాయాలు తాను చేసుకున్నాడు. అతుకులో సందు ఉంటే చెవికి చిక్కే సన్నటి చప్పుడును అరచేయి దగ్గరగా పెట్టి వేడిగాలి తగులుతుందేమో చూసి పట్టేవాడు. ఇంజన్ వణుకును కారు నేల మీద అరచేయి ఆనించి చదివేవాడు. చప్పుడు ఎంత ఉందో మాత్రం చేతికి తెలియదు. దానికి పక్కవాళ్ళ ముఖాలు చూసేవాడు. ధన్‌సుఖ్‌భాయ్ మాస్కు ఎప్పుడూ గడ్డానికే కాపలా కాసేది కనుక అతని మాట దొరికేది. మాస్కు పైకి కట్టుకున్న గిరాకీ వస్తే సోమలింగం తల ఊపేవాడు. ఏమన్నా ఊపేవాడు. ఊపి, ఆ తర్వాత పనిముట్లు సర్దుతున్నట్టు నటిస్తూ, తాను ఇప్పుడు దేనికి ఒప్పుకున్నాడోనని లోలోపల వణికేవాడు.

ఇరవై ఒకటి ఫిబ్రవరిలో ధన్‌సుఖ్‌భాయ్‌కి రోగం సోకింది. పధ్నాలుగు రోజులు ఇంట్లోంచి కదలకూడదు. దుకాణం తాళంచెవి సోమలింగం చేతికొచ్చింది. ఆ గడువు రెండో వారంలో వరప్రసాద్ తన కారు తెచ్చాడు.

వరప్రసాద్ మనవాళ్ళ అబ్బాయే. వాళ్ళ నాన్న లక్ష్మీరాజం సాంచాలు నడిపి కొడుకుని చదివించాడు. కొడుకు చీరల మీద పూలు, తీగలు కంప్యూటర్‌లో గీసే పనిలో పడి, ఒక పాత ఎర్ర కారు కొన్నాడు. వారమంతా ఆ కారులోనే బట్టల మార్కెట్‌కి పోతాడు, అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకుపోతాడు. నెలకో ఆదివారం మాత్రం బార్డోలీ అవతలికి పోతాడు. అక్కడ చెరకు తోటల మధ్య ఒక ఆసామి రెండు కిలోమీటర్ల ట్రాక్ వేయించాడు. ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుని, ఎదురు బండి భయం లేకుండా, కోరిక తీరేదాకా తోలుకోవచ్చు. మొదట్లో చప్పుడుకు హద్దు లేదు. పక్క ఊళ్ళో గేదెలు ఆ మోతకు పాలు మానేసి నేరుగా పెరుగే ఇచ్చాయని, అయినా ఊరివాళ్ళు సంతోషించకుండా గొడవకు వచ్చారని అంటారు. అప్పటి నుంచి గేటు దగ్గర మీటరు పెట్టి కొలుస్తున్నారు. పైపు మూతికి అర మీటరు దూరంలో వారగా పెడతారు. ఇంజన్‌ను వాళ్ళు చెప్పిన వేగం దగ్గర పట్టి ఉంచాలి. అంకె తొంభై అయిదు డెసిబెల్స్ దాటితే ఇంకొక్క అవకాశం ఇస్తారు. అప్పుడూ దాటితే కారు గేటు బయటే.

జనవరిలో వరప్రసాద్ కారును వాళ్ళు వెనక్కి తోలారు. చప్పుడు అణచే వెనక డబ్బా తీసేసి ఎవరో పెట్టిన నేరు పైపు ఉండేది దానికి.

“సోమన్నా, ఈసారి నువ్వే చూడాలె. మార్కెట్‌కు పోతే మా అమ్మ చెవులు మూసుకోవద్దు. ట్రాక్ మీద బండి గొంతు పిసికినట్టు కావద్దు. గేటు కాడ ఆపద్దు. మూడూ కావాలె,” అన్నాడు. మాస్కు ఒక చెవికి వేలాడుతోంది కనుక సోమలింగానికి అంతా తెలిసింది.

మూడూ కావాలనడం సులువు. కారు సైలెన్సర్ అంటే బయటివాళ్ళకు వెనక కనిపించే పైపు మూతే గాని, కారు కింద ఒక సంసారమే ఉంటుంది. ఇంజన్ పక్కన పొగను శుభ్రం చేసే డబ్బా. దాని జోలికి పోకూడదు. ఆ తర్వాత నడిమి డబ్బా, చిన్నది. చివర వెనక డబ్బా, పెద్దది. కంపెనీ వెనక డబ్బాలో పొగ గదులు గదులు తిరిగి బయటపడుతుంది. చప్పుడు అణుగుతుంది, దాంతో పాటు పరుగూ అణుగుతుంది. దాని బదులు లోపల చిల్లుల గొట్టం, గొట్టం చుట్టూ ఉక్కు పీచు, దాని మీద గాజు దూది చుట్టిన డబ్బా పెడితే పొగ నేరుగా పోతుంది, దూది కొంత చప్పుడు మింగుతుంది. ఎంత మింగుతుందన్నది డబ్బా పొడవును బట్టి ఉంటుంది.

వరప్రసాద్ రెండున్నర అంగుళాల పైపు కావాలన్నాడు. ముంబయిలో ఎవరికో ఉందట. చిన్న ఇంజన్‌కు అంత లావు పైపు పెడితే కింది వేగంలో బలం పోతుందని, మార్కెట్ రద్దీలో బండి ముసలిది అవుతుందని సోమలింగం రెండు అంగుళాలకు ఒప్పించాడు. అక్కడ గెలిచాడు. నడిమి డబ్బా దగ్గర పేచీ వచ్చింది. అది నాలుగు కిలోల బరువు. ఉధ్నాలో ప్రతి స్పీడ్‌బ్రేకర్‌కూ రాసుకుంటుంది. తీసేయమంటాడు వరప్రసాద్.

సోమలింగం ఆ సాయంత్రం ధన్‌సుఖ్‌భాయ్‌కి వీడియో కాల్ చేశాడు. ఇంట్లో ఒంటరిగా పడుకున్న మనిషి ముఖాన మాస్కు లేదు. పెదవులు అంత పెద్దగా, అంత స్పష్టంగా సోమలింగానికి ఏడాదిగా ఎవరివీ కనపడలేదు. దగ్గు మధ్య ధన్‌సుఖ్‌భాయ్ చెప్పిన మాట ఇది: డబ్బా పెట్టి ఒకసారి నడిపించు, తీసి ఒకసారి నడిపించు. తీసినా సరిపోతుందని నీ చెవికి తోస్తే తీసెయ్. నీ చెవి మీదే వదిలేస్తున్నాను, సోమాభాయ్.

ఆ మాట చదివాక సోమలింగానికి ఆ రాత్రి అన్నం సహించలేదు.

శుక్రవారం నాటికి కొత్త వెనక డబ్బా తయారైంది. నడిమి డబ్బా పెట్టి ఇంజన్ వేగం పెంచితే కారు నేల అరచేతి కింద నెమ్మదిగా ఉంది. డబ్బా తీసి, ఆ చోట నేరు పైపు బిగించి పెంచితే, నిమిషానికి మూడు వేల చుట్ల దగ్గర నేల తేనెపట్టు కదిలినట్టు జుమ్మంది. డబ్బా ఉండాలని చేయి చెబుతోంది. కానీ గేటు దగ్గర మీటరు చేతిని అడగదు, చెవిని అడుగుతుంది. తనకు లేని చెవి ఎక్కడి నుంచి తేవాలి?

అప్పుడు అతనికి ఒక ఉపాయం తోచింది. కారును డబ్బా లేకుండానే డిండోలికి తీసుకుపొమ్మని వరప్రసాద్‌కు చెప్పి, తానూ ఎక్కి, తన గల్లీలో ఆపించాడు. వాకిళ్ళలో కూర్చున్నవాళ్ళను పిలిచాడు. గల్లీకి పెద్ద కనకయ్య. ముప్పై అయిదేళ్ళు సాంచాలు నడిపినవాడు. ఆయన వెంట ఇంకో నలుగురు వచ్చారు. వరప్రసాద్ ఇంజన్ చాలూ చేసి తొక్కాడు. కనకయ్య పైపు మూతి పక్కన గొంతుక్కూర్చుని, తల ఒక పక్కకు వంచి, చాలాసేపు ఆలోచించాడు.

“ఏంది అల్లుడా, ఎప్పుడు చాలూ జేస్తరు?” అన్నాడు.

నడుస్తోందని చెప్పారు. ఆయన చేయి పెట్టి చూసుకుని, పొగ తగిలాక ఒప్పుకున్నాడు. గింత నెమ్మది బండి తన జన్మలో చూడలేదని, ఇది కారు కాదు కుట్టుమిషనని, దీనికి ఇంకో డబ్బా ఎందుకని అడిగాడు. మిగతా నలుగురూ అదే మాట. ఒకతను అయితే ఇంత మెత్తగా ఉంటే ఎదురొచ్చేవాళ్ళకు తెలియక ప్రమాదమని, జర పెంచమని సలహా ఇచ్చాడు. ఆ అయిదుగురి చెవులూ కలిపితే సాంచాల దగ్గర నూటయాభై ఏళ్ళు. సూరత్ మొత్తం గాలించినా చప్పుడు సంగతిలో అంతకన్నా పనికిరాని అయిదుగురు సాక్షులు దొరకరు. సోమలింగం సరిగ్గా వాళ్ళనే ఏరి తెచ్చుకున్నాడు. ఆ మాట అతనికి తట్టలేదు. గల్లీ అంటే అతనికి లోకం. లోకం నెమ్మదిగా ఉందంటే ఉన్నట్టే.

వరప్రసాద్ కొంచెం సందేహించాడు. కారులో కూర్చున్నవాడికి గట్టిగానే అనిపించిందన్నాడు. అంతమంది పెద్దవాళ్ళు చెప్పాక, మిస్త్రీ సోమలింగం కూడా సరేనన్నాక ఒప్పుకున్నాడు. తనకూ కావాల్సింది బరువు తగ్గడమే కదా. కారు తీసుకుపోయాడు. సోమలింగం ఆ రాత్రి రెండు రోజుల అన్నం ఒక్కసారి తిన్నాడు.

శనివారం మధ్యాహ్నం వినోద మార్కెట్‌లో చీరలు అప్పజెప్పి వచ్చింది. పెళ్ళయి ఈ ఊరు వచ్చింది గాని ఆమె ఏనాడూ సాంచా పక్కన నిలబడలేదు. భర్తతో మాట్లాడాలంటే ముందు భుజం తట్టి, ఎదురుగా వచ్చి, మాస్కు దించి మాట్లాడటం ఆమెకు అలవాటు. ఆ రోజు భుజం తట్టలేదు, పట్టుకుని తిప్పింది.

“ఏందయ్యా, ఆ లక్ష్మీరాజం మామ కొడుకు కారు నువ్వు జేసిందేనా? వంతెన మీద పోతుంటే కింద నా గుండె ఆగింది. ముంగట బండిమీది టమాటలు దొర్లినయి.”

సోమలింగం నవ్వబోయాడు. గల్లీలో అందరూ నెమ్మదిగా ఉందన్నారని చెప్పాడు.

“ఎవలు? కనకయ్య మామనా? ఆయన ఇంటి మీద పిడుగు పడ్డా ఎవడో తలుపు కొట్టిండనుకుంటడు. నీ అసొంటి అయిదుగురిని అడిగినవా?”

ఆ పెదవులు అక్షరం పొల్లుపోకుండా చదివాడు సోమలింగం. తాను అడిగింది ఎవరినో అప్పుడు తెలిసింది. తనలాంటివాళ్ళు అయిదుగురిని నిలబెట్టి, తన చెవుడునే అయిదు సార్లు అడిగాడు.

మర్నాడు ఆదివారం పొద్దున ఎనిమిదికి ట్రాక్ గేటు తెరుస్తారు. వరప్రసాద్ ఇప్పటికే బార్డోలీలో స్నేహితుడి ఇంటికి చేరి ఉంటాడు. ఫోన్ చేయాలి. అక్కడ వీడియో కలవదు. ఉత్త ఫోన్‌లో సోమలింగం మాట్లాడలేడు. వినోద చేస్తానంది. ఏమని చెప్పాలి? మిస్త్రీకి వినపడక తప్పు జరిగిందని చెబితే, గడువు తీరి సోమవారం దుకాణానికి వచ్చే ధన్‌సుఖ్‌భాయ్ దాకా పోతుంది. చెప్పకపోతే ఎట్లా? ఒకవేళ అంకె తొంభై అయిదు దాటకపోతే? దాటకపోవచ్చు. వినోద ఎప్పుడూ పెంచి చెబుతుంది. టమాటలు వాటంతట అవే దొర్లి ఉండవచ్చు. అతను ఫోన్ చేతిలో పట్టుకుని అటూ ఇటూ నడిచాడు. చివరికి వినోదే నంబరు కలిపింది. కారణం చెప్పవద్దని అతను చేతులు ఊపుతూనే ఉన్నాడు. మీ అన్న పొద్దుగాల వస్తున్నడు, ఒక పని మిగిలిందట, అని మాత్రం చెప్పి పెట్టేసింది.

చీకటి పడక ముందే దుకాణం తెరిచాడు. నడిమి డబ్బా రెండు కొసలకూ పైపు మీద తొడిగేటట్టు రెండు గొట్టం ముక్కలు వెల్డింగ్ చేశాడు. ట్రాక్ దగ్గర వెల్డింగ్ దొరకదు. తొడిగి క్లాంపులతో బిగించాలి. నాలుగు క్లాంపులు, ఇనుము కోసే రంపం, పానాలు, అన్నీ గోనెసంచిలో వేశాడు.

తెల్లవారే బార్డోలీ బస్సు ఎక్కాడు. వెనక సీటులో సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు. కండక్టరు వచ్చి మాస్కు లోపల్నుంచి ఏదో అడిగాడు. సోమలింగం తల ఊపాడు. కండక్టరు సంచి వైపు చూపించి మళ్ళీ అడిగాడు. మళ్ళీ ఊపాడు. మూడోసారి కూడా గట్టిగా ఊపాడు. అంతే, ముందు ఇద్దరు లేచారు, తర్వాత ఆరుగురు లేచారు. చూస్తుండగానే వెనక సగం బస్సు ఖాళీ అయి, ముందు సగం బస్సు డ్రైవర్ ఒళ్ళో కూర్చుంది. రోగం రోజుల్లో మనిషికీ మనిషికీ దూరం పాటించమని ఎన్ని నెలలు చెప్పినా వినని జనం, ఆ ఒక్క బస్సులో అంత దూరం పాటించారు. చివరికి ఒక ముసలాయన జాలిపడి మాస్కు దించి, ఆ గ్యాస్ సిలిండర్ దించెయ్యి భాయ్ అన్నప్పుడు తాను దేనికి తల ఊపాడో సోమలింగానికి తెలిసింది. సంచి విప్పి డబ్బా చూపించాడు. ఎవరూ నమ్మలేదు, వెనక్కి రాలేదు. నవ్వొచ్చే సంగతే గాని, అతనికి నవ్వు రాలేదు. ఒక తల ఊపుతో బస్సు ఖాళీ అయింది. ఇంకొక తల ఊపుతో ఏమవుతుందో.

బార్డోలీలో దిగి ఆటో పట్టుకుని ట్రాక్ చేరేసరికి ఎర్ర కారు గేటు దగ్గర ఉంది. మీటరు పట్టుకున్నది నెరిసిన గడ్డం పెద్దమనిషి, ఒకదాని మీద ఒకటి రెండు మాస్కులు కట్టాడు. కొలవడం అప్పుడే అయింది. అంకె వంద దాటి ఒకటి. వరప్రసాద్ ముఖం కారు రంగులోకి మారింది.

“నెమ్మదిగ ఉన్నదన్నరు గద అన్నా అందరు,” అన్నాడు.

సోమలింగం చేతి గడియారం చూసుకున్నాడు. సంచి కింద పెట్టాడు. పది గంటల లోపు ఇంకొక్కసారి కొలుస్తారు. కారును పక్కకు తీయించి, జాకీ పెట్టి ఎత్తి, కింద దిమ్మెలు పెట్టి దూరాడు. పైపు ఇంకా కాలుతోంది. తడి గుడ్డ చుట్టి రంపం పెట్టాడు. కోస్తుంటే రంపం పళ్ళు చేతికి చెప్పేవి తప్ప అతనికి ఇంకేమీ వినపడదు. పైపు తెగి పడితే గాని తెగిందని తెలియదు. మధ్యలో రెండుసార్లు బయటికి వచ్చి గడియారం చూసుకున్నాడు. మూడోసారి గడియారం చూసుకోవడానికి భయపడ్డాడు. డబ్బా తొడిగి, నాలుగు క్లాంపులు బిగించి, రబ్బరు పట్టీకి వేలాడదీసి బయటపడేసరికి పది కావడానికి పన్నెండు నిమిషాలు ఉంది. ముంజేతి మీద రెండు చోట్ల కాలింది. ఆ సంగతి మర్నాడు గాని చూసుకోలేదు.

కారు మళ్ళీ గీత మీదికి వచ్చింది. వరప్రసాద్ లోపల కూర్చున్నాడు. పెద్దమనిషి మీటరు పెట్టి, ఇంజన్ చాలూ చేయించి, వంగి కారు కిందికి చూశాడు. తర్వాత సోమలింగం వైపు తిరిగి ఏదో అడిగాడు. రెండు మాస్కులు కొద్దిగా కదిలాయి, అంతే.

సోమలింగం మెడ దానంతట అదే కదలబోయింది. పద్దెనిమిదేళ్ళ సాంచా, ఏడాది మాస్కులు కలిసి ఆ మెడకు నేర్పిన పని అది. బస్సు ముందు సగంలో కుక్కుకున్న జనం కళ్ళ ముందు నిలిచారు. మెడను బిగబట్టుకున్నాడు. పెద్దమనిషి మళ్ళీ అడిగాడు. అద్దం దించిన కిటికీలోంచి వరప్రసాద్ తల బయట పెట్టి చూస్తున్నాడు. ఇక్కడ ఏం చెప్పినా అతను వింటాడు. విన్నది సోమవారం దుకాణం దాకా వస్తుంది. తెలిసే చెప్పాడు.

“సాబ్, నాకు చెవులు పనిచెయ్యవు. జర మాస్కు దించి చెప్పండి. పెదవులు చూస్తే తెలుస్తది.” హిందీలో, అందరికీ వినపడేటంత గట్టిగా.

పెద్దమనిషి ఒక నిమిషం అతన్ని చూశాడు. నాలుగు అడుగులు వెనక్కి నడిచి, రెండు మాస్కులూ దించాడు. ముందు క్లాంపు దగ్గర గాలి కొడుతోంది, బిగించుకున్నాక కొలవనా, ఇట్లాగే కొలిచేయనా, ఇదే ఆఖరిసారి సుమా అని ఆయన అడిగాడు. తల ఊపి ఉంటే ఇట్లాగే కొలిచేసేవాడు.

సోమలింగం కారు కిందికి దూరి క్లాంపు చుట్టూ చేయి తిప్పాడు. అడుగు వైపున మణికట్టుకు వేడిగాలి సూదిలా తగిలింది. పానా పెట్టి ఇంకో రెండు చుట్లు బిగించాడు. మళ్ళీ చేయి తిప్పాడు. ఏమీ తగలలేదు. బయటికొచ్చి కొలవమన్నాడు.

నాలుగున్నర వేల దగ్గర పట్టి ఉంచాలని, తాను చేయి దించేదాకా కదలకూడదని పెద్దమనిషి చెప్పాడు. ఇంజన్ మోతలో వరప్రసాద్‌కు ఆ మాట చేరలేదు. సోమలింగం అతని అద్దంలో కనపడేటట్టు నిలబడి, సాంచాల షెడ్డులో ఒకరికొకరు చేసుకునే సైగలు చేశాడు. అరచేయి పైకి లేపితే పెంచమని. నాలుగు వేళ్ళు చూపి, రెండో చేతి చూపుడు వేలు సగానికి మడిచి చూపాడు. పిడికిలి బిగిస్తే అక్కడే పట్టమని. చిన్నప్పుడు షెడ్డులో నాన్నకు అన్నం డబ్బా మోసుకుపోయిన పిల్లవాడికి ఆ సైగలు చెప్పనక్కరలేదు. ఇంజన్ లేచి, నిలబడి, కదలకుండా ఉంది. మీటరులో అంకెలు గెంతుతున్నాయి. తొంభై మూడు, తొంభై నాలుగు. తొంభై అయిదును ఒక్కసారి ముట్టుకుని వచ్చింది. తొంభై నాలుగు మీద ఆగింది. పెద్దమనిషి చేయి దించాడు.

లోపలికి పొమ్మని గేటు ఎత్తారు. వరప్రసాద్ వెంటనే పోలేదు. కారు పక్కకు ఆపి దిగాడు. మాస్కు తీసి జేబులో పెట్టుకుని సోమలింగానికి ఎదురుగా నిలబడ్డాడు.

“సేఠ్‌కు ఎరికేనా?”

“లేదు.”

“నేను చెప్పనన్నా. నడిమి డబ్బా తర్వాత గుర్తొచ్చిందంట. అయిపాయె.”

సోమలింగం చెరకు తోటల వైపు చూశాడు. ఒప్పుకుంటే ఎంత బాగుంటుందో అతనికి తెలుసు.

“నువ్వు చెప్పకుంటె వచ్చే నెల ఇంకో బండికి మళ్ళ మా గల్లీనే అడుగుత,” అన్నాడు. “నేనే చెప్పుకుంట. నువ్వు పోయి తోలుకో.”

ఆ ఎర్ర కారు ఆ రోజు ట్రాక్ మీద ఎంత వేగం పోయిందో వరప్రసాద్ ఇప్పటికీ చెబుతుంటాడు. చెప్పినప్పుడల్లా పది కిలోమీటర్లు పెరుగుతుంది. సోమలింగం మాత్రం ఒక్క చుట్టు కూడా చూడలేదు. గేటు బయట వేపచెట్టు కింద కూర్చుని, రేపటి మాటలను హిందీలో పేర్చుకున్నాడు, చెరిపాడు, మళ్ళీ పేర్చుకున్నాడు.

సోమవారం ధన్‌సుఖ్‌భాయ్ దుకాణానికి వచ్చాడు. సగం మనిషయ్యాడు. ఇన్నాళ్ళూ గడ్డం మీద ఉన్న మాస్కు ఇప్పుడు కళ్ళ కింది దాకా లాగి కట్టుకున్నాడు. మరణం అంచు చూసి వచ్చిన మనిషి, ఇంకెవరి కోసమూ దాన్ని దించేటట్టు లేడు. సోమలింగం దూరంగా నిలబడి అంతా చెప్పాడు. చెవుల సంగతి, గల్లీ సంగతి, గేటు దగ్గర వంద దాటిన అంకె. పేర్చుకున్న మాటల్లో సగం తప్పిపోయాయి. అయిందాకా ధన్‌సుఖ్‌భాయ్ కదలలేదు. తర్వాత మాస్కు కదిలింది. ఏమన్నాడో సోమలింగానికి తెలియలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు. ధన్‌సుఖ్‌భాయ్ లోపలికి పోయి కుర్చీలో కూర్చున్నాడు.

పొమ్మన్నాడా, ఉండమన్నాడా? అది తెలియకనే సోమలింగం స్కూటర్ పైపులు రెండు అతికించాడు. ఒకటి వంకర వచ్చింది. కోసి మళ్ళీ అతికించాడు. టీ వచ్చింది. రోజూ రెండు గ్లాసులు వస్తాయి, ఆ రోజూ రెండే వచ్చాయి. దాన్ని బట్టి ఏమీ తేల్చుకోలేకపోయాడు. మధ్యాహ్నం సచిన్ అనే ఊరి వైపు నుంచి ఒక నల్ల కారు వచ్చింది. తోలుకొచ్చిన కుర్రాడు ధన్‌సుఖ్‌భాయ్‌తో చాలాసేపు మాట్లాడాడు. ఇద్దరి మూతులకూ గుడ్డలు. సోమలింగం చూపు తిప్పుకుని పనిముట్లు సర్దాడు. సర్దినవే మళ్ళీ సర్దాడు.

ధన్‌సుఖ్‌భాయ్ లేచి వచ్చాడు. జేబులోంచి సుద్దముక్క తీసి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా నేల మీదికి వంగాడు. సిమెంటు మీద ఒక గీత గీశాడు. గీత కొసన ఒక పెద్ద డబ్బా. దాని కింద ఇంకో గీత, నడుమ చిన్న డబ్బా, కొసన పెద్ద డబ్బా. దాని కింద మూడో గీత, డబ్బాలే లేవు. పక్కన ఇంజన్ కొలత అంకెల్లో వేశాడు. గుజరాతీ రాత సోమలింగానికి రాదని తెలుసు కనుక ఇంకేమీ రాయలేదు. లేచి నిలబడి, సుద్దముక్క అతనికి అందించి, నల్ల కారు వైపూ, మూడు గీతల వైపూ చూపించి, కనుబొమలు ఎత్తాడు.

సోమలింగం సుద్దముక్క పట్టుకుని గీతల ముందు గొంతుక్కూర్చున్నాడు. రెండో గీత మీద పెట్టబోయి, ఆగి, తల ఎత్తాడు.

“ముందు ఒక మీటరు తెప్పియ్యండి, సేఠ్,” అన్నాడు. “అప్పుడు చెప్త.”